కూలి లెక్కలో ఫోన్ తప్పు

ఉపాధి హామీలో ఎన్‌ఎంఎంఎస్ యాప్ హాజరు 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధి పనులకు తప్ప, తప్పనిసరైంది. రోజుకు రెండు ఫొటోలు ఎక్కాలి. చిట్యాల మండలంలో చెరువు పూడిక తీసే దళిత మహిళ కూలి మేటీ చేతిలోని ఫోన్ మీద ఆధారపడిందన్నమాట. అందుకే యాప్ ఎక్కడ ఆగిందో పట్టే సాంకేతికతను మేం హక్కుల విషయంగానే చూస్తున్నాం.

క్రాష్‌లిటిక్స్, సెంట్రీ వంటి పరికరాలను యాప్‌లో కలపొచ్చు. యాప్ కుప్పకూలితే ఏ కోడ్ దగ్గర, ఏ ఫోన్‌లో, ఎంత మెమరీ ఉండగా కూలిందో ఇవి నమోదు చేస్తాయి. ఆ నివేదిక సాధారణంగా యాప్ మళ్లీ తెరిచినప్పుడే వెళ్తుంది. విసిగి ఎవరూ తెరవకపోతే ఫోన్‌లోనే ఉండిపోతుంది. ఇక సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే అది క్రాషే కాదు. అప్‌లోడ్‌కు ఎన్ని సెకన్లు పట్టింది, ఎన్నిసార్లు విఫలమైంది అన్నది పనితీరు పర్యవేక్షణలోనే తెలుస్తుంది.

అసలు తిరకాసు లెక్కలో ఉంది. రోజువారీ వాడకందారుల్లో 1.09 శాతం మందికి యాప్ కూలితే గూగుల్ ప్లే దాన్ని నాసిరకంగా పరిగణిస్తుంది. ఇక్కడ వాడకందారు మేటీ ఒక్కరే. ఆ ఫోన్ వెనుక ఇరవై మంది కూలీలున్నా లెక్కకొచ్చేది ఒక్కటే.

కాబట్టి మేం అడిగేది, ఎన్ని ఫోన్లు ఆగాయో కాదు, ఎందరి హాజరు ఆగిందో లెక్కగట్టి సామాజిక తనిఖీ ప్రజావేదికలో పెట్టమని. జాబ్‌కార్డు నంబరు, పేరు, కులం మాత్రం ఆ నివేదికల్లోకి వెళ్లకూడదు.