కృష్ణలో చేపలవేట: ఋతువులు, నియమాలు

శివరాత్రికి చలి ‘శివ శివా’ అంటూ పోతుందని మన పెద్దలు అంటారు. చలి నేల మీదనుండి మాత్రమే కాక నీటిలోనుండి కూడ పోతుంది. ఈ మార్పు నీటిలో ఉండే చేపకు వెంటనే తెలుస్తుంది. మన శరీరంలోని వేడి ఎండకాలంలోను, చలికాలంలోను దాదాపు ఒకే తీరున ఉంటుంది. చేప అటువంటిది కాదు. దాని ఒంటి వేడి నీటి వేడిని అనుసరించి మారుతుంది. నీరు పది డిగ్రీలు వెచ్చబడితే చేప శరీరంలో జరిగే రసాయన క్రియల వేగం సుమారు రెట్టింపు అవుతుంది. అందువలన చలికాలమంతా అడుగున మందకొడిగా పడి ఉండిన చేప మాఘ, ఫాల్గుణ మాసాలలో మేతకై తిరుగనారంభిస్తుంది. తిరిగే చేపయే వలలో పడుతుంది. వేసవికి ముందు వేట బాగుంటుందని జాలరులు అనుభవంతో చెప్పే మాటకు కారణం ఇదే.

గోపాల్‌పేట, వనపర్తి, పెబ్బేరు, కొల్లాపురం ప్రాంతాలవారికి చేపలు రెండు చోట్లనుండి వస్తవి. ఒకటి చెరువులు. సంస్థానాల కాలంనాటి చెరువులు ఈ ప్రాంతంలో చాల ఉన్నవి. శ్రీరంగాపురంలోని రంగసముద్రం వాటిలో పేరుపొందినది. రెండవది కృష్ణానది. జూరాల ఆనకట్ట దాటిన కృష్ణ బీచుపల్లి మీదుగా ప్రవహించి, సోమశిల దగ్గరకు వచ్చేసరికి శ్రీశైలం జలాశయపు వెనుక నీటిలో కలిసి సముద్రంవలె వెడల్పవుతుంది. వర్షాకాలంలో నిండిన ఆ నీరు మాఘమాసానికి తగ్గుముఖం పడుతుంది. నీరు బాగా దిగిన సంవత్సరాలలో, మునిగి ఉండిన సంగమేశ్వరాలయం మళ్ళీ బయటపడుతుంది. ప్రవాహం సన్నగిల్లి, పైన జూరాల దిగువన రాళ్ళ మధ్య మడుగులు ఏర్పడుతవి. విశాలమైన నీటిలో చెదరి ఉండిన చేపలు ఇప్పుడు లోతైన చోట్లకు చేరుతవి. నీరు తేటపడి వల కంటికి కనబడుతుంది గనుక, జాలరులు పొద్దుగూకే వేళ వల వేసి తెల్లవారుజామున తీస్తారు.

ఈ నీటిలో తిరగడానికి మనవారు వాడేది పుట్టి. అరిగోలు అని దీనికి పాత పేరు. వెదురు బద్దలతో పెద్ద గంపవలె అల్లి, పూర్వం పశువుల తోలు కప్పేవారు. తరువాత డాంబరు పూసిన గుడ్డ, ఆపైన ప్లాస్టిక్ పట్టా వచ్చినవి. ఇప్పుడు ఫైబరుతో పోతపోసిన పుట్లు కూడ వస్తున్నవి. కొత్త పుట్టిని నీటిలో దించేనాడు గంగమ్మకు కొబ్బరికాయ కొడతారు. భౌతికశాస్త్రం చదివేవారికి ఆనాడు మరొక పని కూడ ఉన్నది. పుట్టి ఎంత బరువు మోయగలదో, ఎంతవరకు ఒరగగలదో ముందుగా లెక్కకట్టవచ్చును.

పుట్టి వ్యాసం 2 మీటర్లు అనుకొందాము. లెక్క సులభంగా ఉండడానికి దాని అడుగు చదునుగా, గోడలు నిలువుగా ఉన్నవని భావిద్దాము. అడుగు వైశాల్యం సుమారు 3.14 చదరపు మీటర్లు. అది ఒక సెంటీమీటరు మునిగితే 31.4 లీటర్ల నీటిని, అనగా 31.4 కిలోల నీటిని తొలగిస్తుంది. ఆర్కిమెడీసు సూత్రం ప్రకారం అంత బరువును మోస్తుంది. పుట్టి 60 కిలోలు, ఇద్దరు మనుషులు 110 కిలోలు, వల 20 కిలోలు, మొత్తం 190 కిలోలు. దీనికి పుట్టి 6 సెంటీమీటర్లు మునిగితే చాలు. కీలు పడవ పోలేని పల్చని నీటిలో కూడ పుట్టి పోగలదనడంలో ఆశ్చర్యం లేదు.

ఇక నిలకడ సంగతి. వెడల్పు ఎక్కువై లోతు తక్కువైన వస్తువు నీటిలో సులభంగా బోల్తాపడదు. కాని దీనికి ఒక హద్దు ఉన్నది. 60 కిలోల మనిషి ఒకడు మధ్యనుండి లేచి అంచువైపు 80 సెంటీమీటర్లు జరిగితే, మన పుట్టి సుమారు 4 డిగ్రీలు ఒరుగుతుంది. అతని వైపు అంచు 7 సెంటీమీటర్లు దిగుతుంది, ఎదుటి అంచు అంతే లేస్తుంది. పుట్టి మునిగినదే 6 సెంటీమీటర్లు గదా! అనగా ఎదుటి అంచు అప్పటికే నీటిని వదలినదన్నమాట. అంతకు మించి ఒరిగితే నీటిని తాకే వైశాల్యం తగ్గుతుంది, దానితోపాటు నిలకడ కూడ తగ్గుతుంది. రెండవవాడు కూడ చేపను చూడాలన్న ఆత్రంతో అదే వైపుకు వచ్చినాడంటే ప్రమాదం తప్పదు. వల లాగేవాడు ఒక అంచున ఉంటే తెడ్డు పట్టినవాడు ఎదుటి అంచున కూర్చొనవలెనన్నది ఈ లెక్కలోనుండి వచ్చే నియమం. తేలియాడే చొక్కా ఈత వచ్చినవాడికి ఎందుకని కొందరు అడుగుతారు. కాళ్ళకు వల చుట్టుకొన్నప్పుడు ఎంతటి ఈతగానికైనా ఈత అక్కరకు రాదు.

పడవకు ముందు, వెనుక అని భేదం ఉంటుంది, పుట్టికి లేదు. ఒక పక్క తెడ్డు వేస్తే అది ముందుకు పోవడానికి బదులు గిర్రున తిరుగుతుంది. అందుచేత పోవలసిన దిక్కుకు ముఖం పెట్టి, నీటిని ముందునుండి తనవైపు లాగుకొంటూ తెడ్డు వేయవలెను.

ఇప్పుడు వల దగ్గరకు వద్దాము. పైన బెండ్లు, కింద సీసపు గుండ్లు కట్టి నీటిలో తెరవలె నిలబెట్టే వలను తీసుకొందాము. చేప తల వల కంటిలో దూరుతుంది, నడుము దూరదు. వెనుకకు పోదామంటే దారం మొప్పల వెనుక తగులుకొంటుంది. వల కన్ను ఒక్కొక్క భుజం 5 సెంటీమీటర్లైతే దాని చుట్టుకొలత 20 సెంటీమీటర్లు. తల చుట్టుకొలత 20 కంటె తక్కువై, నడుము చుట్టుకొలత 20 కంటె ఎక్కువైన చేప దానిలో చిక్కుతుంది. చిన్నది దాటిపోతుంది, చాల పెద్దది తల దూర్చలేదు. ఒకే జాతి చేపలు చిన్నవైనా పెద్దవైనా ఆకారంలో ఇంచుమించు సరూపాలు. అందుచేత వల కన్ను రెట్టింపు చేస్తే చిక్కే చేప పొడవు కూడ సుమారు రెట్టింపు అవుతుంది. రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు బారనోవ్ చెప్పిన ఈ నియమం జ్యామితిలో మనం చదివే సరూప త్రిభుజాల వంటిదే. కనుక వల కన్ను ఎంత ఉండవలెనో నిర్ణయించడమంటే, ఏ వయస్సు చేపను పట్టవచ్చునో నిర్ణయించడమే.

ఈ నియమానికి ఎక్కువ భంగం జరుగుతున్నది సోమశిల పరిసరాలలోనే. అలివి వల అనేది దోమతెర వంటి సన్నని కన్నుగల పొడవైన వల. దానిని నీటిలో చుట్టి ఒడ్డుకు లాగితే వేలెడు పిల్ల కూడ తప్పించుకోలేదు. దీనిపై నిషేధం ఉన్నది. ఐనా కొల్లాపురం ప్రాంతపు వెనుక నీటిలో దీనితో వేట సాగుతున్నదని స్థానిక జాలరులు ఏటేటా మొరపెట్టుకొంటున్నారు. ఆ పిల్లలను ఎండబెట్టి అమ్ముతారు. ఇందులోని నష్టమెంతో చూతము. చేప పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. 10 సెంటీమీటర్ల పిల్ల 10 గ్రాములు తూగితే, అది 40 సెంటీమీటర్లకు పెరిగేనాటికి 64 రెట్లు, అనగా 640 గ్రాములు తూగుతుంది. ఒక కిలో పిల్లలంటే 100 చేపలు. వాటిలో 80 మధ్యలోనే చచ్చినవని అనుకొన్నా, మిగిలిన 20 చేపలు 12 కిలోల 800 గ్రాములవుతవి. ఈ రోజు ఒక కిలో ఎత్తినవాడు రాబోయే సంవత్సరపు పన్నెండు కిలోలను ఎత్తుకుపోయినాడు. అది తన వాటాలోది కాదు, అదే నీటి మీద బ్రతికే మరొక జాలరి వాటాలోది. పైగా ఆ ఇరవై చేపలు పెట్టవలసిన గుడ్లను మనమింకా లెక్కలో వేయలేదు.

గుడ్ల సంగతి తెలిస్తేగాని ఋతు నియమాలు బోధపడవు. మన అంగళ్ళలో కనబడే కట్ల (బొచ్చె), రోహు (రవ్వ), మృగాల అనే మూడు జాతులు వర్షాకాలంలో గుడ్లు పెడతవి. ఐతే సన్నాహం మాత్రం మాఘ, ఫాల్గుణాలలోనే మొదలవుతుంది. పగటి పొద్దు పెరిగి నీరు వెచ్చబడుతుంటే, మెదడు కిందనున్న పీయూష గ్రంథి హార్మోనులను విడుదల చేస్తుంది. వాటివలన అండాశయం ఎదుగనారంభిస్తుంది. ఏప్రిల్, మే నెలలలో గుడ్లు బలుస్తవి. ఐనా కొత్త నీటి వరద తగిలేదాక చేప గుడ్లు విడువదు. కిలో బరువుగల రోహు ఎక్కువ తక్కువగా రెండు లక్షల గుడ్లు పెడుతుంది. అవి దేనికీ అంటుకొనవు, ప్రవాహంతో దొర్లుతూ పోతవి. 15 నుండి 18 గంటలలో పిల్ల బయటకు వస్తుంది. నీరు గంటకు 2 కిలోమీటర్లు పోతున్నదనుకొంటే, 16 గంటలలో గుడ్డు 32 కిలోమీటర్లు ప్రయాణం చేస్తుంది. మధ్యలో నిశ్చలమైన జలాశయం వస్తే చాల గుడ్లు అడుగున ఒండ్రులో పూడిపోతవి. నదులకు ఆనకట్టలు కట్టిన తరువాత చేపపిల్లలను బయట పెంచి నీటిలో విడువవలసి రావడానికి ఇదొక కారణం. తెలంగాణలో 2016 నుండి చెరువులలోను, జలాశయాలలోను ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను విడిచే పథకం నడిచింది. ఆ పిల్లలను దొడ్లలో పుట్టించే విద్య కూడ పాతది కాదు. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రజ్ఞులు పీయూష గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించి, ఈ జాతుల చేపలచేత గుడ్లు పెట్టించినారు. వానకోసం చూచే చేపను సూదిమందుతో ఒప్పించినారని చెప్పవచ్చును.

కనుకనే మన జలాశయాలలో వేట ఆపే కాలం సామాన్యంగా జూలై, ఆగస్టు నెలలు. ఇంగ్లండులో నదుల మీద మార్చి 15 నుండి జూన్ 15 వరకు గాలపు వేటకు సెలవు. అక్కడి నదులలోని జాతులు వసంతంలోను, వేసవి తొలినాళ్ళలోను గుడ్లు పెడతవి. మంచు కరగి, నీరు వెచ్చబడి, సూక్ష్మజీవులు విస్తరించే కాలంలో పిల్ల పుడితేనే దానికి మేత దొరుకుతుంది. మన దేశంలో ఆ మేత వరద నీరు పొలాలమీద పరచుకొన్నప్పుడు సమృద్ధిగా ఉంటుంది. ఒకే సూత్రం, రెండు వేర్వేరు నెలలు! ఏప్రిల్‌లో పత్రికలు ప్రకటించే వేట నిషేధం మరొకటి. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినాలు తూర్పు సముద్రతీరంలో యంత్రపు పడవలకు వర్తించేది అది. దానిని చూచి వనపర్తి చెరువులో కూడ వేట మానవలెనని ఎవరైనా అనుకొంటే పొరపాటు.

మాఘమాసపు వేటకు అభ్యంతరం లేదన్నంత మాత్రాన అన్ని చేపలకు అది సరిపోదు. బంగారుతీగ మన దేశపు చేప కాదు. దాని ఒక రకాన్ని 1939లో నీలగిరికి, మరొక రకాన్ని 1957లో బాంకాకునుండి తెచ్చినారు. అది ఏడాదికి రెండు పర్యాయాలు, జనవరి నుండి మార్చి లోపల ఒకసారి, వానలలో ఒకసారి, గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటి మొక్కలకు అంటుకొని ఉంటవి. కనుక ఈ కాలంలో చెరువు అంచున నాచును, మొక్కలను లాగివేస్తే దాని సంతానం పోతుంది. తెలంగాణ రాష్ట్ర చేపయైన కొర్రమీను నడవడి వేరు. అది మొక్కల మధ్య గూడు వంటిది చేసి గుడ్లు పెట్టి కావలి కాస్తుంది. పిల్లలు ఎర్రగా గుంపుగా పైకి తేలుతుంటే తల్లి, తండ్రి కింద ఉంటవి. ఆ ఎర్ర గుంపును గుర్తుగా పెట్టుకొని పెద్ద చేపను పొడిచేవారు ఉన్నారు. పెద్దది పోతే కాపలా లేని పిల్లలు ఇతర చేపల పాలవుతవి.

చట్టం మాట వస్తే, 1897 నాటి భారత మత్స్య చట్టం నీటిలో మందుగుండు పేల్చడాన్ని, విషం కలపడాన్ని నేరమని చెప్పినది. చేప పొట్టలో గాలి తిత్తి ఉంటుంది. పేలుడువలన నీటిలో పుట్టే ఒత్తిడి తరంగం తగిలి ఆ తిత్తి పగులుతుంది. చచ్చిన చేపలలో చాలభాగం మునిగిపోతుంది, పేల్చినవాడికి దక్కేది కొంతయే. వల కన్ను, వేట ఆపే కాలం మొదలైనవాటిపై నియమాలు చేసే అధికారం కూడ ఆ చట్టమే ప్రభుత్వాలకు ఇచ్చినది.

నియమానికి ఆచారం అడ్డువచ్చే సందర్భం కూడ ఒకటి ఉన్నది. జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె ప్రవేశించగానే చేప తినడం తెలంగాణలో ఇంటింటి వాడుక. ఏడాదిలో చేపకు అంత గిరాకీ ఉండే రోజు మరొకటి ఉండదు. సరిగా ఆ రోజులకే చేప కడుపు నిండ గుడ్లతో ఉంటుంది! ఆపైన చెరువు నిండి మత్తడి దుమికితే, ఆ నీటికి ఎదురెక్కే చేపలను ఊరంతా గంపలతో పడుతుంది. ఎదురెక్కేవి గుడ్లు పెట్టబోయే చేపలే. రెండు నెలలు వల మడచిపెట్టుమని జాలరికి చెప్పడం సులభమే, కాని ఆ రెండు నెలలు అతని పొయ్యిలో పిల్లి లేవకపోతే ఎట్లా? మత్తడి దగ్గర గంపలు పట్టే మిగతా ఊరిని వదలి, ఒక్క జాలరినే నియమించడం న్యాయంగా కూడ లేదు.

ఉపాధ్యాయులు ఈ ఋతుచక్రాన్ని తరగతిలో చూపించవచ్చును. మాఘం మొదలు శ్రావణం వరకు నెలకొకసారి, ఇంచుమించు ఒకే పరిమాణంగల ఆడ రోహును అంగడిలో కోయించి, గుడ్ల సంచిని విడిగా తూచవలెను. గుడ్ల సంచి బరువును చేప మొత్తం బరువుతో భాగించి నూటితో గుణిస్తే ఒక శాతం వస్తుంది. నెలలను అడ్డంగా, శాతాన్ని నిలువుగా గీతల కాగితం మీద గుర్తించవలెను. నదిలోని చేపకు, చెరువులోని చేపకు వేరువేరుగా గీస్తే రెండు రేఖలను పోల్చి చూడవచ్చును. వేట మూసిన నెలలలో చెరువు చేప మాత్రమే దొరుకుతుంది గనుక, నది రేఖ జూన్‌తో ఆగిపోతుంది.