మరపడవ డీజిల్‌కు సూక్ష్మజీవుల బెడద: నీటిని తొలగించడమే తొలి మందు

శ్రీ విజయపురం: నడిసముద్రంలో మరపడవ ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోతే, లోపం యంత్రంలో కాక డీజిల్ ట్యాంకు అడుగున ఉండవచ్చు. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసే అండమాన్ నికోబార్ దీవుల్లో గాలిలో తేమ అధికం. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో ఆ తేమ నీటి బిందువులుగా మారి అడుగుకు చేరుతుంది. నీరు, డీజిల్ కలిసే చోట బ్యాక్టీరియా, శిలీంధ్రాలు పెరుగుతాయి. ‘హార్మోకోనిస్ రెసినే’ అనే శిలీంధ్రానికి ఇంధనంలోని హైడ్రోకార్బన్లే ఆహారం.

వీటివల్ల ఏర్పడిన జిగురు మడ్డి, అలలకు పడవ ఊగినప్పుడు పైకి లేచి ఫిల్టరును మూసివేస్తుంది. రేవులో చక్కగా నడిచిన ఇంజిన్ సముద్రంలో మొరాయించడానికి కారణమిదే. ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లి ఈ దీవుల్లో వేట సాగిస్తున్న తెలుగు మత్స్యకారులకు ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం.

ముందుగా ట్యాంకు అడుగునున్న నీటిని, మడ్డిని తోడివేయాలి. ఆ తర్వాతే సూక్ష్మజీవులను చంపే బయోసైడ్‌ను తయారీదారు సూచించిన మోతాదులో కలపాలి. చనిపోయిన జీవుల తెట్టు మళ్లీ ఫిల్టరుకు అడ్డుపడుతుంది గనుక అదనపు ఫిల్టర్లు వెంట ఉంచుకోవాలి. తోడిన మురికిని సముద్రంలో పారబోయరాదు. వేట లేక పడవను కట్టివేసే రోజుల్లో ట్యాంకును దాదాపు నిండుగా ఉంచితే తేమకు చోటుండదు.