పేగును కాపాడిన మందే చర్మాన్ని పాడుచేస్తే..?

క్రోన్స్ వ్యాధి ఉన్న పిల్లలకు ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కించడం మొదలుపెట్టాక విరేచనాలు తగ్గుతాయి, ఆకలి పుడుతుంది, ఆగిపోయిన ఎదుగుదల మళ్లీ అందుకుంటుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్న కొన్ని నెలలకు కొందరిలో తల మీద మందపాటి పొలుసులు, చెవుల వెనక పగుళ్లు కనిపిస్తాయి. చుండ్రేమో అనుకుని షాంపూ మారుస్తారు. కానీ అది ఆ మందు వల్ల వచ్చిన సోరియాసిస్ కావచ్చు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ సోరియాసిస్‌కు కూడా వాడే మందులే. వాపును పెంచే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ను ఇవి అడ్డుకుంటాయి. అయితే ఇంటర్‌ఫెరాన్ అనే మరో రసాయనాన్ని అదుపులో ఉంచేది కూడా టీఎన్‌ఎఫే. ఆ అదుపు పోయినప్పుడు కొందరి చర్మం ఇలా స్పందిస్తుంది. పేగు జబ్బు ముదిరిందని దీనర్థం కాదు. పేగు పూర్తిగా నెమ్మదించినప్పుడు కూడా ఇది రావచ్చు.

అలాగని వెంటనే మందు ఆపరు. పేగు జబ్బు తిరగబెడితే మళ్లీ స్టెరాయిడ్లు తప్పకపోవచ్చు, వాటిని దీర్ఘకాలం వాడితే పిల్లల ఎత్తు దెబ్బతింటుంది. అందుకే ముందు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లు, తలకు రాసే ద్రావణాలు ఇస్తారు. చాలామందికి ఇవి సరిపోతాయి, పాత మందే కొనసాగుతుంది. జుట్టు ఊడుతున్నా, పుండ్లు రసి కారుతున్నా, మచ్చలు ఒళ్లంతా పాకినా మార్పు గురించి ఆలోచిస్తారు. పద్నాలుగేళ్ల పిల్ల టోపీ లేకుండా బడికి వెళ్లనంటే అదీ లెక్కలోకి రావాల్సిందే.

మార్చేటప్పుడు ఇన్‌ఫ్లిక్సిమాబ్ బదులు అడాలిముమాబ్ ఇస్తే సమస్య తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. రెండూ అడ్డుకునేది టీఎన్‌ఎఫ్‌నే కదా! అందుకే ఎక్కువగా ఉస్టెకినుమాబ్ వైపు చూస్తారు. ఇది పేగుకూ చర్మానికీ పనిచేస్తుంది. ఆరేళ్లు దాటిన పిల్లల్లో సోరియాసిస్‌కు అమెరికా దీన్ని 2020లో అనుమతించింది. వెడోలిజుమాబ్ పేగుకే పరిమితం కాబట్టి చర్మాన్ని రెచ్చగొట్టే అవకాశం తక్కువ, కానీ ఉన్న మచ్చలను తగ్గించదు. సెకుకినుమాబ్‌తో మాత్రం జాగ్రత్త. సోరియాసిస్‌కు మంచి మందే అయినా క్రోన్స్‌ను తీవ్రం చేయగలదు. చర్మ వైద్యులకు పేగు జబ్బు సంగతి తప్పక చెప్పాలనేది ఇందుకే.

ఖర్చు మరో చిక్కు. అడాలిముమాబ్‌కు మన దేశంలో 2014లోనే బయోసిమిలర్ వచ్చింది. కొత్త మందు అంతకంటే ఖరీదు కావచ్చు. నెలకు ఎంతవుతుందో, బీమా వర్తిస్తుందో లేదో మార్చకముందే తెలుసుకోవడం మంచిది, మధ్యలో ఆపేయాల్సి వస్తే నష్టమే ఎక్కువ.

మచ్చలు చూసి భయపడి తల్లిదండ్రులే ఒకటి రెండు డోసులు ఎగ్గొట్టడం అన్నిటికంటే ప్రమాదం. విరామం వస్తే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు వ్యతిరేకంగా శరీరంలో యాంటీబాడీలు తయారుకావచ్చు. తర్వాత మళ్లీ ఎక్కించినప్పుడు అలర్జీ రావచ్చు, మందు పనిచేయకపోనూ వచ్చు. మచ్చ కనిపించిన రోజే ఫోటో తీసి, చివరి డోసు తేదీతో సహా డాక్టరుకు చూపిస్తే చికిత్స నిర్ణయించడం తేలికవుతుంది.