వేడిని తోడే మోట

ఖమ్మం వైపు మైదానం అయిపోయి, భద్రాచలం అడవి మొదలయ్యేచోట నేను చాలా ఏళ్లు బడిపంతులుగా పనిచేశాను. బడిని ఆనుకుని పిల్లల హాస్టలూ, దాని వెనక ఒక రాతిబావీ ఉండేవి. డిసెంబరు వచ్చిందంటే అక్కడ చలి ఎముకలు కొరికేది. తెల్లవారుజామున పిల్లలు చేద తోడగానే నీళ్లమీద పొగలు లేచేవి. "వేన్నీళ్లు, వేన్నీళ్లు!" అంటూ గబగబా ఒంటిమీద కుమ్మరించుకునేవాళ్లు.

ఒకరోజు క్లాసులో ఒక కుర్రవాడు, "చలికాలంలో బావినీళ్లు ఎందుకు కాగుతాయండీ?" అని అడిగాడు.

"చలికాలం రాగానే భూమి లోపలి వేడి పైకి వస్తుందిరా" అని తడుముకోకుండా చెప్పేశాను. నా చిన్నతనంలో మా పంతులుగారు నాకు చెప్పినది అదే!

వెనక బల్లమీదినుంచి ఒక కోయపిల్ల లేచి, "అయితే ఎండాకాలం ఆ నీళ్లే చల్లగా ఉంటాయి గదండీ, అప్పుడు ఆ వేడి ఎక్కడికి పోతుంది?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. సైన్సు బీరువాలోంచి థర్మామీటరు తీసుకుని అందరం బావి దగ్గిరికి వెళ్లాం. అప్పుడే తోడిన నీళ్లలో పెట్టి చూస్తే 28 డిగ్రీలు. బయటిగాలి 14. ఏప్రిల్ నెలలో, బడి మూసేముందు మళ్లీ చూశాం. బయట 42 డిగ్రీల ఎండ. బావినీళ్లు 28 మీద ఒక పిసరు! నీళ్లు కాగనూ లేదు, చల్లారనూ లేదు. మారినది గాలి. చలికి బిగుసుకుపోయిన ఒంటికి ఆ నీళ్లే వేడిగా తోచాయి, ఎండకు మాడిన ఒంటికి చల్లగా తోచాయి. క్లాసులో చెప్పినదంతా తప్పని ఆ పిల్ల ముందరే ఒప్పుకున్నాను.

దీనికి కారణం ఏమిటంటే, నేల వేడిని చాలా నెమ్మదిగా లోపలికి పోనిస్తుంది. వేసవి ఎండ నాలుగు బారలు దిగకముందే వానలు వస్తాయి, ఆ తరవాత చలి వస్తుంది. అందువల్ల పది పదిహేను మీటర్ల లోతున ఏడాది పొడుగునా వేడిమి ఇంచుమించు ఒకటిగానే ఉంటుంది. ఆ ఊరి గాలికి ఏడాది మొత్తం మీద సగటు వేడిమి ఎంతో, దాదాపు అంతే.

చలికాలంలో ఆ వేడిని ఇంట్లోకి తెచ్చుకుని, ఎండాకాలంలో ఇంట్లోని వేడిని అక్కడికి పంపించగలిగితే ఎంత బాగుండును! అలా చేసే యంత్రం ఉన్నది. దాన్ని హీట్ పంప్ అంటారు.

నీరు పల్లమెరుగు అంటారు. వేడి కూడా అంతే. వేడివస్తువు నుంచి చల్లని వస్తువుకు తనంతట తానే పోతుంది గాని, ఎదురు పోదు. నీళ్లు పైకి రావాలంటే ఎద్దులను కట్టి మోట తోలాలి. హీట్ పంప్ వేడికి కట్టిన మోట. ఎద్దులకు బదులు కరెంటు మోటారు, తోలుబొక్కెనకు బదులు సులభంగా ఆవిరి అయ్యే ఒక ద్రవం.

సూది వేసే ముందు డాక్టరుగారు స్పిరిటు రాస్తే చెయ్యి చల్లబడుతుంది గదా! ద్రవం ఆవిరి అయ్యేటప్పుడు చుట్టుపక్కల వేడిని లాక్కుంటుంది. ఆ ఆవిరి మళ్లీ ద్రవం అయ్యేటప్పుడు తాను లాక్కున్న వేడిని వదిలేస్తుంది. అన్నం గిన్నె మూత తీసేటప్పుడు ఆవిరి తగిలి చెయ్యి చురుక్కుమనటం అందుకే. యంత్రంలోని ద్రవం గొట్టాలలో తిరుగుతూ ఒకచోట ఆవిరి అయి వేడిని మింగుతుంది. మోటారు ఆ ఆవిరిని గట్టిగా నొక్కుతుంది. నొక్కితే అది ఇంకా వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు ముట్టుకుని చూడండి. ఆ వేడిఆవిరి రెండోచోట వేడిని కక్కి ద్రవం అవుతుంది. తరవాత సన్నని సందులోంచి దూరి, ఒత్తిడి తగ్గి, చల్లబడి మొదటిచోటికి వస్తుంది. ఇంట్లో ఫ్రిజ్ చేసే పని ఇదే. లోపలి వేడిని తోడి వెనకవైపు పారబోస్తుంది.

ఇక తమాషా చూడండి. ద్రవం తిరిగే దిక్కును ఒక కవాటం తిప్పి మార్చేస్తే, వేడిని మింగే చోటు కక్కే చోటు అవుతుంది. ఒకే యంత్రం ఎండాకాలం గదిని చల్లబరుస్తుంది, చలికాలం వెచ్చబరుస్తుంది!

ఎద్దులు నీళ్లను పుట్టించవు, పైకి తెస్తాయి, అంతే. అందుకే ఇందులో లాభం ఉన్నది. కరెంటు కుంపటిలో ఒక పాలు కరెంటు ఖర్చుపెడితే ఒక పాలు వేడే వస్తుంది. హీట్ పంప్‌లో అదే ఒక పాలుతో మూడు, నాలుగు పాళ్ల వేడిని తోడుకోవచ్చు. బావి లోతు తక్కువైతే ఎద్దులకు శ్రమ తక్కువ. మే నెలలో గదిలోని వేడిని 45 డిగ్రీల బయటిగాలిలోకి ఎత్తి పోయటం కంటె, 28 డిగ్రీల నేలలోకి పంపటం ఎంతో తేలిక.

స్కాట్లండులో విలియం థామ్సన్ అనే శాస్త్రజ్ఞుడు, తరవాత లార్డ్ కెల్విన్ అని పేరుపడ్డవాడు, ఇలాంటి యంత్రంతో ఇళ్లు వెచ్చబెట్టవచ్చునని 1852లోనే చెప్పాడు. స్విట్జర్లాండులోని జూరిచ్‌లో 1938లో, పక్కనే పారే లిమ్మత్ నదిలోంచి వేడిని తోడి నగరసభా భవనాన్ని వెచ్చబెట్టారు. చలికాలపు నదిలో వేడి ఎక్కడిదని అడుగుతారేమో! మంచుగడ్డలో కూడా వేడి ఉంటుంది. సున్నాకు దిగువన 273 డిగ్రీలదాకా పోతే గాని వేడి పూర్తిగా అడుగంటదు.

మన ప్రాంతంలో తోడకుండానే వేడినీళ్లు దొరికే చోట్లు కూడా ఉన్నాయి. భద్రాచలానికి దగ్గిరలో, గుండాల వద్ద గోదావరి ఒడ్డున ఇసకలో గుంట తవ్వితే వెచ్చని నీళ్లు ఊరతాయి. మణుగూరు పక్కన పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోరులోంచి వేడినీళ్లు ఉబికివచ్చాయి. ఇది మన బావి వేడి లాంటిది కాదు. బావి వేడి సూర్యుడిది, ఇది భూగర్భానిది. మామూలుగా కిలోమీటరు లోతుకు పోయినకొద్దీ 25, 30 డిగ్రీల చొప్పున వేడిమి పెరుగుతుంది. పగిడేరులో సింగరేణి కంపెనీవారు ఆ నీళ్ల వేడితో సులభంగా మరిగే ద్రవాన్ని ఆవిరి చేసి, చక్రం తిప్పి, 20 కిలోవాట్ల కరెంటు తీసే ప్రయోగం చేశారు. నాలుగు అయిదుగుర్రాల మోటార్లు నడిచేటంత అన్నమాట. ఇది మన మోటను తలకిందులు చెయ్యటమే: అక్కడ కరెంటుతో వేడిని ఎత్తుతాం, ఇక్కడ వేడిని పల్లానికి పారనిచ్చి కరెంటు తీస్తాం.

హాస్టలుకు ఇలాంటి యంత్రం పెడితే బాగుండునని నాకు ఎన్నోసార్లు అనిపించింది. ఏప్రిల్‌లో రేకుల కప్పు కింద పడుకోలేక పిల్లలు చాపలు పట్టుకుని ఆరుబయటికి వచ్చేవాళ్లు. అడవి పక్కన తేళ్ల భయం, పాముల భయం. అయితే చిక్కులు ఉన్నాయి. నేలలో గొట్టాలు దించటానికి ఖర్చు ఎక్కువ. చలిదేశాలలో వేసవిలో నేలకు పంపిన వేడిని శీతాకాలంలో తిరిగి తీసుకుంటారు. మన చలి రెండు నెలలే. ఎక్కువకాలం వేడిని నేలలోకి పంపుతూనే ఉండాలి. గొట్టాలు దగ్గిర దగ్గిరగా ఉంటే ఆ నేల కూడా కాగిపోతుంది. కనక ముందు చెయ్యవలసినది, వేడిని లోపలికి రానివ్వకపోవటం. కోయగూడేలలో మట్టిగోడలూ, గడ్డికప్పూ ఉన్న ఇళ్లు మా రేకుల హాస్టలు కంటె చల్లగా ఉండేవి. మాకు యంత్రం రాలేదు. రేకులమీద తాటాకులు మందంగా పరిచాం. ఆ పిల్లే థర్మామీటరు పట్టుకుని, కప్పిన గదికీ కప్పని గదికీ మధ్యాహ్నం ఎంత తేడా వస్తున్నదో రోజూ పుస్తకంలో రాసేది.

మీ ఊళ్లో బావి ఉంటే, పెద్దవాళ్లను తోడు పెట్టుకుని ఈ డిసెంబరులో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి నీళ్ల వేడిమి కొలిచి చూడండి. జ్వరం చూసే థర్మామీటరు మాత్రం పనికిరాదు. దాని గీతలు 35 డిగ్రీల దగ్గిర మొదలవుతాయి.