ఓ.ఆర్.ఎస్. పొట్లానికి లీటరు నీళ్లే ఎందుకు? మొలారిటీ చెప్పే లెక్క

విరేచనాలతో బిడ్డ వాడిపోయినప్పుడు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లం పల్లెవాసులందరికీ పరిచితమే. అయితే దానిని ఎన్ని నీళ్లలో కలపాలన్న సూచన తరచు ఇంగ్లీషులోనో, హిందీలోనో ఉంటుంది. తెలుగు మాత్రమే చదవగల సరిహద్దు గ్రామాల పెద్దలకు అది అక్కరకు రాదు. చిక్కగా ఉంటే బలమని పొట్లమంతా ఒక్క గ్లాసులో కలిపేవారూ, ఎక్కువసార్లు వస్తుందని బిందెడు నీళ్లలో కలిపేవారూ ఉంటారు. రెండూ పొరపాట్లే. ఎందుకు పొరపాట్లో తెలియాలంటే రసాయనశాస్త్ర పాఠంలోని మొలారిటీ అనే భావనను అర్థం చేసుకోవాలి.

బరువు వేరు, సంఖ్య వేరు

కరిగే పదార్థం ద్రావితం. కరిగించుకొనే నీరు ద్రావణి. రెండూ కలిసినది ద్రావణం. ద్రావణంలో ద్రావితం ఎంత చిక్కగా ఉన్నదో తెలిపేదే గాఢత.

గాఢతను గ్రాములలో చెబితే చాలదా అన్న సందేహం సహజం. కిలో నిమ్మకాయలు, కిలో కొబ్బరికాయలు తూకంలో సమానమే గాని లెక్కలో సమానం కావు. అణువుల విషయమూ అంతే. శరీరంలో జరిగే చర్యలు పదార్థపు బరువును బట్టి గాక, పాల్గొనే కణాల సంఖ్యను బట్టి నడుస్తాయి. ఆ సంఖ్యను కొలిచే ప్రమాణమే మోల్. డజను అంటే 12 అయినట్లు, మోల్ అంటే 6.022 × 10²³ కణాలు.

అన్ని కణాలను లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు గనుక తూకం ద్వారానే లెక్క తేలుస్తారు. సోడియం పరమాణు భారం 23, క్లోరిన్‌ది 35.5. కాబట్టి 58.5 గ్రాముల ఉప్పు ఒక మోల్. గ్లూకోజు అణువులో 6 కార్బన్, 12 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులు ఉన్నాయి. 72, 12, 96 కలిపితే 180. అంటే 180 గ్రాముల గ్లూకోజు ఒక మోల్.

లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌ల ద్రావితం ఉన్నదో ఆ సంఖ్యయే మొలారిటీ. దీనికి రెండు మెట్లు. మొదట, ద్రావితం బరువును దాని ఒక మోల్ బరువుతో భాగిస్తే మోల్‌ల సంఖ్య వస్తుంది. తరువాత, ఆ సంఖ్యను ద్రావణపు ఘనపరిమాణంతో, అంటే లీటర్లతో, భాగించాలి. మోల్‌లో వెయ్యోవంతు మిల్లీమోల్.

పొట్లంలోని లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2002లో సిఫారసు చేసిన సూత్రం ప్రకారం లీటరు పొట్లంలో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు, మొత్తం 20.5 గ్రాములు ఉంటాయి.

గ్లూకోజు 13.5ను 180తో భాగిస్తే 0.075 మోల్, అంటే 75 మిల్లీమోల్‌లు. ఉప్పు 2.6ను 58.5తో భాగిస్తే సుమారు 45 మిల్లీమోల్‌లు. సిట్రేటు ఒక మోల్ బరువు 294 గ్రాములు. కనుక 2.9 గ్రాములంటే దాదాపు 10 మిల్లీమోల్‌లు. దాని ఒక్కొక్క అణువులో మూడు సోడియంలు ఉన్నందున అక్కడినుండి మరో 30. ఈ విధంగా సోడియం మొత్తం కూడ 75 మిల్లీమోల్‌లు.

తూకంలో గ్లూకోజు ఉప్పుకు ఐదు రెట్లు. అణువుల లెక్కలో మాత్రం గ్లూకోజు, సోడియం సరిసమానం. ఇది యాదృచ్ఛికం కాదు. చిన్నప్రేవు గోడలో సోడియం, గ్లూకోజు జంటగా లోపలికి ప్రవేశిస్తాయి, వాటి వెంట నీరు వస్తుంది. అందుచేత గ్లూకోజు గాఢత సోడియం గాఢతకు తగ్గరాదన్నది నియమం. గ్రాములలో కనిపించని ఈ సమత మొలారిటీలో స్పష్టమవుతుంది.

నీళ్లు తగ్గితే, పెరిగితే

సోడియం 75, గ్లూకోజు 75, క్లోరైడ్ 65, పొటాషియం 20, సిట్రేటు 10 కలిపితే లీటరుకు 245 మిల్లీమోల్‌లు. రక్తంలో ఇటువంటి కణాల మొత్తం గాఢత దాదాపు 290. ద్రావణం రక్తంకంటె పలుచన గనుక నీరు ప్రేవులనుండి రక్తంలోకి సులువుగా చేరుతుంది.

అదే పొట్లాన్ని అర లీటరులో కలిపితే సోడియం 150కి, మొత్తం 490కి చేరుతాయి. అప్పుడు నీరు ఎదురు నడిచి శరీరంనుండి ప్రేవులలోకి వస్తుంది. విరేచనాలు హెచ్చవచ్చు, రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు. రెండు లీటర్లలో కలిపితే సోడియం 37.5కు పడిపోతుంది, పోయిన లవణాలు భర్తీ కావు.

ఒక సరిహద్దు శిబిరం సాక్ష్యం

1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో పశ్చిమ బెంగాల్ సరిహద్దు పట్టణం బన్‌గావ్‌లోని శరణార్థులలో కలరా ప్రబలింది. నరాలకు ఎక్కించే సెలైన్ చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరుకు 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా లెక్కన కలిపించి నోటిద్వారా తాగించారు. ఉప్పునుండి 60, సోడానుండి 30, వెరసి సోడియం 90 మిల్లీమోల్‌లు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతంలోపుకు తగ్గాయి. ఆయన 2022లో కన్నుమూశారు. 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఇంట్లో పాటించవలసినవి

బజారులో లీటరు పొట్లాలతోపాటు 200 మిల్లీలీటర్ల చిన్న పొట్లాలు కూడ దొరుకుతాయి. సుమారు 4 గ్రాముల పొడిని ఐదోవంతు లీటరులో కలిపితే గాఢత మారదు. చిన్న పొట్లాన్ని లీటరులో కలిపితే మాత్రం సోడియం 15కు దిగజారుతుంది. కనుక ముందు పొట్లంపై అంకె చూడాలి. అంకెలకు భాషాభేదం లేదు.

కాచి చల్లార్చిన నీటిని లీటరు సీసాతో కొలిచి, పొట్లం మొత్తం ఒకేసారి కలపాలి. పెద్ద పొట్లాన్ని కంటి అంచనాతో పంచరాదు. కలిపిన తరువాత మరిగించరాదు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపాలి. బిడ్డ తాగలేకపోయినా, మగతగా ఉన్నా, కళ్లు లోతుకు పోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సరిహద్దు గ్రామాల పిల్లలు ఈ పాఠాన్ని కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చదువుతుండవచ్చు. భాష ఏదైనా లెక్క ఒక్కటే. ఆ లెక్కను ఇంట్లో అమ్మమ్మకు, నాయనమ్మకు తెలుగులో విప్పి చెప్పగలిగితే పరీక్షలో వచ్చే మార్కులకంటె అది మిన్న.