కాటాలో న్యాయం.. సుంకాల్లో తిరకాసు! ‘జీరోయింగ్’ అంటే ఏంటి?

ఖాళీ కాటా 5 గ్రాములు చూపిస్తోందా? సున్నాకు తేకుండా తూస్తే ఆ 5 గ్రాములు ప్రతి తూకంలోనూ కలిసిపోతాయి. అలా సున్నాకు సరిచేయడమే జీరోయింగ్. వాణిజ్య చట్టంలోనూ ఇదే మాట ఉంది. పని మాత్రం పూర్తిగా రివర్స్!

సొంత దేశంలో ధర కంటే తక్కువకు విదేశాల్లో అమ్మితే దాన్ని డంపింగ్ అంటారు. ఇక్కడ రెండు రకాల దుప్పట్లు రూ.100 చొప్పున అమ్ముతున్నారనుకుందాం. ఎగుమతిలో ఒకటి రూ.80కి, రెండోది రూ.120కి పోయింది. రెండూ కలిపితే తేడా ఏమీ లేదు కదా? కానీ జీరోయింగ్ చేస్తే ఎక్కువ వచ్చిన రూ.20ని సున్నాగా రాసేస్తారు. తగ్గిన రూ.20 మాత్రం అలాగే ఉంటుంది. అంతే.. రూ.200 సరుకుపై 10 శాతం డంపింగ్ జరిగినట్టు తేలుతుంది, సుంకం పడుతుంది!

మన కాటన్ దుప్పట్లు, దిండు గలీబుల విషయంలో యూరోపియన్ యూనియన్ ఇలాగే లెక్కేసింది. భారత్ ఊరుకోలేదు, డబ్ల్యూటీఓకు వెళ్లింది. 2001 మార్చిలో అక్కడి అప్పిలేట్ బాడీ ఈ పద్ధతి చెల్లదని తేల్చింది. అదే ఏడాది ఆగస్టులో ఈయూ ఆ సుంకాన్ని నిలిపేసింది. తర్వాత అమెరికా కూడా ఇదే జీరోయింగ్‌పై వరుసగా కేసులు ఓడింది.