శాసనానువాదములలో కర్తృవ్యత్యయము

తెలుగు శాసనములను గూర్చి ఆంగ్లమున వ్యాసములు వ్రాయు పరిశోధకునకు వాక్యదోషము కేవలము శైలీదోషము కాదు; అది చరిత్రనే తాఱుమాఱు చేయగలదు.

కడప జిల్లా ఎఱ్ఱగుంట్ల మండలమందలి కలమళ్ళ శాసనమును చూడుడు. క్రీ.శ. 575 ప్రాంతముదని పండితు లెన్నిన యీ శాసనమున, ఎరికల్ముత్తురాజు ధనంజయుడు రేనాడును 'ఏళన్', అనగా ఏలుచుండగా, అను ఉపవాక్యము ముందు గలదు. ఆపై చిఱుంబూరి రేవణకాలు 'పంపు', అనగా ఆజ్ఞ, ప్రసక్తమగును.

తెలుగున 'ఏలుచు' అన్నచో రెండు క్రియలకును కర్త యొక్కడే. 'ఏలుచుండగా' అన్నచో వేఱుకర్త యుండవచ్చును. 'వాన కురియగా చెఱువు నిండెను' అనునట్లు. వాక్యారంభమందలి ఆంగ్లపు 'ఇంగ్' రూపము 'ఏలుచు' వంటిదేకాని 'ఏలుచుండగా' వంటిది కాదు. ఈ భేదమును మఱచి 'రూలింగ్ రేనాడు, రేవణకాలు ఆర్డర్డ్' అని వ్రాసినచో, రేనాటి నేలినవాడు ధనంజయుడు కాక రేవణకాలే యగును!

'వైల్ ధనంజయ వాజ్ రూలింగ్ రేనాడు' అని కర్తను చేర్చినచో దోషము తొలగును.

కావున విద్యార్థుల ఆంగ్లవ్యాసములను దిద్దువారు, పదముల సొగసును విచారించుటకు ముందు, ప్రతి క్రియకును కర్త యెవరని ప్రశ్నింపవలెను.